నా పెప్టైడ్లు, ఆమె రక్తం

మా నాన్న కిరండూల్ లైన్లో కీమాన్‌గా పనిచేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇనుప రాయి మోసే గూడ్సు బళ్ళు తిరిగే పట్టాలను రోజూ నడిచి చూసుకోవడమే ఆయన ఉద్యోగం. నేను బస్తర్‌లోని గనుల ఊరు బచేలిలో రైల్వే క్వార్టర్లలో పెరిగాను. ఉతికి ఆరేసిన తెల్ల బట్ట గని దుమ్ముకు సాయంత్రానికి లేత ఎరుపుకు తిరిగేది. అందుకే అమ్మ మాకు తెల్లవి కొనడం మానేసింది.

బడిలో పాఠాలు హిందీలో, ఆటలు హల్బీలోనో గోండీలోనో. మా తరగతిలో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే, నేనూ ఆమే. ఆమె తల్లి భోపాల్‌పట్నం దగ్గరి పల్లె నుంచి పిల్లలిద్దరినీ తీసుకుని వచ్చి, బచేలి బజారులో కూరగాయలు అమ్మేది. నేను 'ఏటి' అంటే ఆమె 'ఏంది' అనేది. ఒకరి తెలుగు మీద ఒకరం నవ్వుకుంటూనే స్నేహితులమయ్యాం. టీచర్లకు తెలియకుండా మాట్లాడుకోవాలంటే మాకంటూ ఒక భాష ఉండడం చాలా గొప్పగా ఉండేది.

ఆమెకు ఒక అన్న ఉండేవాడు. చలికాలం వస్తే అతనికి ఎముకల్లో నొప్పి లేచేది. మోకాళ్ళు పట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. కళ్ళు పచ్చబడేవి. ఎవరో దిష్టి అన్నారు, ఎవరో కామెర్లు అన్నారు. ఒకసారి బడికి ప్రభుత్వ డాక్టర్లు వచ్చి పిల్లలందరికీ వేలు గుచ్చి రక్తం చూశారు. దాన్ని అక్కడ అందరూ సిక్లింగ్ జాంచ్ అనేవారు. సిక్లింగ్ అంటే ఎర్రరక్తకణాలు కొడవళ్ళలా వంగిపోయే జబ్బు. అన్నకు ఉందన్నారు. ఆమెకూ ఉందన్నారు. మామూలు సూక్ష్మదర్శినిలో ఇద్దరి రక్తానికీ తేడా లేదు.

కానీ ఆమె మాతో పాటు గంతులేసేది. ఎప్పుడో ఒకసారి కాలు లాగుతోందని కూర్చునేది, మర్నాటికి లేచేది. అన్న మాత్రం మేం పదో తరగతిలో ఉండగా చనిపోయాడు.

కర్మకాండలు అయిపోయాక ఆమె బడికి వచ్చిన రోజు ఇద్దరం స్టేషన్ బయట సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఒక గూడ్సు బండి దాటిపోయింది. తర్వాత అంది:

"ఒక్క కడుపుల పుట్టినం. ఒక్కటే బీమారి. మరి అన్నెందుకు పోయిండు, నేనెందుకు మంచిగున్న?"

నాకేం తెలుసు? "దేవుడి దయే" అన్నాను.

"దేవుడికి అన్న మీద ఏం కోపముండె?" అంది. ఏడవలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

తర్వాత నేను విశాఖపట్నంలో కెమిస్ట్రీ చదివి, హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో చేరాను. ఆమె చదువు ఆపి కుట్టుపని నేర్చుకుంది. బచేలి బజారులో ఒక చిన్న గదిలో మెషిన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా పగలంతా ఆమె దుకాణంలోనే ఉండేదాన్ని. కుడుతూనే కబుర్లు చెప్పేది. మెషిన్ చప్పుడుకు గొంతు పెంచి మాట్లాడడం అలవాటై, మెషిన్ ఆగినా అలాగే అరిచేది.

"నువ్వు అక్కడ ఏం చేస్తవే అసలు?" అని ఒకసారి అడిగింది.

చెప్పడం నాకు కష్టమైంది. మనిషి ఒంట్లో ప్రతి కణంలో డీఎన్‌ఏ అనే పొడవాటి దారం ఉంటుంది. అది హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. ఆ హిస్టోన్ల కొసలు తోకల్లా బయటికి వేలాడతాయి. కణం ఆ తోకల మీద చిన్న చిన్న రసాయన గుర్తులు పెడుతుంది. ఒక రకం గుర్తు ఉంటే ఆ పక్కన ఉన్న జన్యువు పనిచేస్తుంది. ఇంకో రకం ఉంటే మూతపడుతుంది. ఏ గుర్తు ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఆ తోక ముక్కలు మనకు శుద్ధంగా కావాలి. కణంలోంచి తీస్తే అన్నీ కలగాపులగంగా వస్తాయి. అందుకని వాటిని ఒక్కొక్క అమైనో ఆమ్లమే అతికించుకుంటూ మొదటి నుంచి మేమే తయారుచేస్తాం. వాటినే పెప్టైడ్లంటాం. నా పని అది.

సన్న ఇసుకలాంటి రెజిన్ పూసల మీద మొదటి అమైనో ఆమ్లం తగిలించాలి, కడగాలి, రెండోది తగిలించాలి, మళ్ళీ కడగాలి. ఎక్కడ గుర్తు కావాలో అక్కడ మిథైల్ గుర్తు తగిలించి ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లం వేయాలి. అంతా అయ్యాక ఘాటైన ఆమ్లం పోసి పూసల నుంచి ఊడదీసి, చల్లటి ఈథర్‌లో వంపితే తెల్లటి పొడి అడుగుకు దిగుతుంది. ఆ పొడి దిగేటప్పుడు చూడడం నాకు ఇష్టం. ఆ ద్రావకాల వాసన మాత్రం జుట్టుకు పట్టి వదిలేది కాదు.

ఆమె అంతా విని, "అంటే నువ్వు గూడ కుట్టుపనే చేస్తున్నవు" అంది. ఇద్దరం నవ్వాం.

మా సారు, అంటే నా పరిశోధనకు గైడు, కొన్నాళ్ళకు సిక్లింగ్ మీద పని మొదలుపెట్టాడు. కడుపులో బిడ్డ రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వేరు. పుట్టిన కొన్ని నెలలకు దాని జన్యువు మూతపడి, పెద్దవాళ్ళ హిమోగ్లోబిన్ మొదలవుతుంది. సిక్లింగ్ లోపం ఉండేది ఈ రెండోదానిలో. ఎవరిలోనైనా మొదటి జన్యువు పూర్తిగా మూతపడకుండా మిగిలితే, వాళ్ళకు జబ్బు ఉన్నా నొప్పులు తక్కువ. ఎందుకు కొందరిలో మూతపడదు? హిస్టోన్ తోకల మీది గుర్తులే కారణమా? అది మా ప్రశ్న.

సారు ఇదంతా బోర్డు మీద వివరిస్తుంటే నాకు సిమెంటు బెంచీ గుర్తొచ్చింది. మీటింగు అయ్యాక ఆయన గదికి వెళ్ళి ఆమె గురించి చెప్పాను.

"ఒకే ఇంట్లో ఇద్దరా? ఆ అమ్మాయి ఇప్పుడు ఎలా ఉంది?" అన్నాడు.

"జాకెట్లు కుడుతోంది సార్. బాగానే ఉంది."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అడుగమ్మా. ఇస్తానంటేనే. బలవంతం చెయ్యకు."

బలవంతం చేయాల్సిన పనే లేకపోయింది. నేను అడగడం పూర్తి కాకముందే ఆమె ఒప్పుకుంది. అనుమతులన్నీ వచ్చాక బచేలిలోనే గని టౌన్‌షిప్ ఆసుపత్రిలో రక్తం తీశారు. నర్సు ఒకదాని తర్వాత ఒకటి గొట్టాలు నింపుతుంటే ఆమె నా వైపు చూసి, "ఇంత తీస్తే నాకేం మిగుల్తదే?" అంది.

"మళ్ళీ ఊరుతుంది."

"ఊరకపోతే నీదే పోయాలె."

ఆ గొట్టాలను చల్లటి పెట్టెలో పెట్టుకుని, ఒళ్ళో పట్టుకుని జీపులో హైదరాబాద్ బయలుదేరాను. ఆమె కణాలను మా ల్యాబులో పెంచారు. కొన్ని వాడుకుని, మిగిలినవి గడ్డకట్టించి దాచారు.

జన్యువును మూసే గుర్తు ఎక్కడుందో కనిపెట్టడానికి యాంటీబాడీ అనే ప్రొటీన్ వాడతారు. అది ఆ ఒక్క గుర్తునే పట్టుకోవాలి. మేం తెప్పించినదాన్ని నా పెప్టైడ్లతోనే పరీక్షించాం. గుర్తు ఉన్న పెప్టైడ్‌కు అంటుకుంది. గుర్తు లేనిదానికి అంటుకోలేదు. అది చాలనుకున్నాం. ఆ రోజుల్లో చాలామంది అంతవరకే చూసేవారు.

నెలల తరబడి పని నడిచింది. బస్తర్ నుంచే ఇంకొందరి రక్తం కూడా తెచ్చాం. చివరికి ఫలితం వచ్చింది. ఆమె కణాల్లో, ఆ జన్యువు దగ్గర, మూసే గుర్తు మిగతా అందరిలోకన్నా బాగా తక్కువ. సారు ఆ బొమ్మను గోడకు అతికించాడు. ల్యాబులో అందరం మిఠాయి తిన్నాం.

ఆ సాయంత్రమే ఆమెకు ఫోన్ చేశాను. వారం వారం "నా రక్తం ఏమంటున్నది?" అని అడిగేది. ఎప్పుడూ "చూస్తున్నాం" అనేదాన్ని. ఆ రోజు మొదటిసారి జవాబు చెప్పాను.

"చిన్నప్పటి జన్యువు నీలో సరిగ్గా మూతపడలేదే. మూసే గుర్తు నీలో పెద్దగా లేదు. అందుకే నీకు నొప్పులు తక్కువ."

అవతల మెషిన్ చప్పుడు ఆగింది.

"అన్నకు మూతపడ్డదా?"

"అలాగే అనుకోవాలి."

"దిష్టి గాదన్నట్టు" అంది. "అమ్మకు చెప్తా. దిష్టి తగిలిందని ఇన్నేండ్లు ఆ ఇంటోళ్ళను, ఈ ఇంటోళ్ళను తిడుతది."

తర్వాత నాన్న చెప్పాడు, ఆమె దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ ఈ సంగతి చెబుతోందని. "నీ పేరు బజారంతా మోగిపోతంది" అని నవ్వాడు.

మరుసటి వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. రెండు రోజులు మామూలు జ్వరమనుకుని కుడుతూనే ఉందట. తర్వాత ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం. టౌన్‌షిప్ ఆసుపత్రిలో చేర్చి, అక్కడి నుంచి జగదల్‌పూర్ పంపారు. ఆ జబ్బులో ఊపిరితిత్తులకు అలా రావడం ఉంటుంది. తేలిక జబ్బు ఉన్నవాళ్ళకూ రావచ్చు. నాకది పుస్తకాల్లో తెలుసు. ఆమె విషయంలో మాత్రం ఎన్నడూ తోచలేదు.

నాన్న ఫోన్ చేశాడు. "అమ్మా, నీ నేస్తం పోయిందమ్మా" అన్నాడు.

వెంటనే బయలుదేరాను. కొండచరియ విరిగి పట్టాల మీద పడడంతో రైలు అరకు దాటలేదు. నాన్నవాళ్ళంతా ఆ మట్టి తీస్తూ పట్టాల మీదే ఉన్నారు. బస్సులు మారి నేను బచేలి చేరేసరికి అంతా అయిపోయింది. దుకాణానికి తాళం వేసి ఉంది. లోపల ఎవరివో జాకెట్లు సగం కుట్టినవి ఉన్నాయని పక్క కొట్టాయన అన్నాడు. ఆమె తల్లి నన్ను పట్టుకుని ఏడ్చి, ఏడుపు మధ్యలో, "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

కొన్ని నెలల తర్వాత తల్లి కూరగాయల దుకాణం వదిలేసి తమ్ముడి దగ్గరికి భోపాల్‌పట్నం వైపు వెళ్ళిపోయింది.

మరుసటి వేసవికి ముందు ల్యాబులో ఇంకొక విద్యార్థి తన పనికి నన్నొక పెప్టైడ్ అడిగాడు. మాది హిస్టోన్ తోకలో ఇరవై ఏడో స్థానంలోని లైసిన్ మీది గుర్తు. అతనికి తొమ్మిదో స్థానంలో అదే గుర్తు కావాలి. చేసి ఇచ్చాను. కాస్త మిగిలింది. మా యాంటీబాడీ మీద కొత్త పరీక్ష పెడుతూ, ఉన్నది కదా అని ఆ మిగిలిన చుక్కను కూడా కాగితం మీద పెట్టాను.

అది నల్లబడింది, అంటే యాంటీబాడీ దానికీ అంటుకుంది. ఇరవై ఏడు ఎంత నల్లగా ఉందో, తొమ్మిది కూడా అంతే.

నేను చుక్కలు తారుమారు చేశాననుకున్నాను. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. పెప్టైడ్‌లో తప్పుందేమోనని దాని అణుభారం కొలిచి చూశాం, సరిగ్గానే ఉంది. అప్పుడు సారు రెండు తోకల వరసలనూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాశాడు. అలనిన్, ఆర్జినిన్, లైసిన్, సెరిన్. తొమ్మిది దగ్గరా అవే నాలుగు, ఇరవై ఏడు దగ్గరా అవే నాలుగు. అది మాకు తెలియని విషయం కాదు. యాంటీబాడీ తేడా కనిపెడుతుందని నమ్మాం. మేం కొలిచింది ఏ గుర్తునో ఇప్పుడు చెప్పలేం. రెండూ కలిపి కొలిచామేమో. ఎవరిలో ఎంతో, ఏదో, తేల్చడం కుదరదు.

"కొత్త యాంటీబాడీతో మళ్ళీ చేద్దాం" అన్నాడు సారు. "ఆ అమ్మాయి కణాలు ఎన్ని మిగిలాయి?"

"ఏమీ లేవు సార్. ఆఖరుసారి మొత్తం వాడేశాం."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మిగతావాళ్ళ రక్తం మళ్ళీ అడగొచ్చు. ఆమెది అడగలేం. కాసేపటికి ఆయనే గోడ దగ్గరికి వెళ్ళి ఆ బొమ్మను తీసేశాడు. అతికించిన టేపుతో పాటు సున్నం పెచ్చు లేచొచ్చింది.

తల్లికి ఈ విషయం చెప్పాలని సారు అనలేదు. చెప్పకపోయినా ఎవరూ అడిగేవారు కాదు. కానీ ఆమె నోట విన్న మాటను తల్లి నిజమని నమ్ముకుని బతుకుతోంది. నేను బచేలి వెళ్ళి, దంతెవాడలో జీపెక్కి, బీజాపూర్ మీదుగా భోపాల్‌పట్నం చేరి, అక్కడి నుంచి నడిచి ఆ పల్లెకు వెళ్ళాను.

చింతపండు కాలం. తల్లి వాకిట్లో చాప పరుచుకుని పండు కొట్టి గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది. నేనే కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్ళ కబుర్లయ్యాక, ఇంక ఆపుకోలేక చెప్పాను.

"పెద్దమ్మా, దాని రక్తం తీసుకుపోయాం కదా. అప్పుడు చెప్పింది తప్పని తేలింది."

ఆమె చేతులు ఆగిపోయాయి. "తప్పంటే ఏంది బిడ్డా? నా పిల్లకు ఆ బీమారి లేకుండెనా?"

నేను మాట పెట్టిన తీరు అలా ఉందని అప్పటిదాకా తోచలేదు. జబ్బు లేకపోతే ఇంకే జబ్బుకో వైద్యం జరిగేదనీ, బిడ్డ బతికేదనీ ఒక్క క్షణంలో ఆమె మనసు అక్కడికి పోయింది. ఆమె ముఖంలో అది కనిపించింది.

"అది కాదు పెద్దమ్మా, అది కాదు. జబ్బు నిజమే. దానికెందుకు తేలిగ్గా ఉందో ఒక కారణం చెప్పాం కదా. ఆ కారణం తప్పు."

"మరి అసలు కారణమేంది?"

"తెలీదు."

"మళ్ళ చూడరాదా?"

"చూడ్డానికి దాని రక్తం మిగల్లేదు."

ఆమె మళ్ళీ పండు చేతిలోకి తీసుకుంది.

"జగదల్‌పూర్ దవాఖానల గూడ సిస్టర్‌తోని అన్నది" అంది. "నా రక్తం హైదరాబాద్‌ల ఉన్నది, పెద్ద సార్లు చూస్తున్నరు, కారణం దొరికింది అని. ఊపిరి ఆడకున్నా చెప్పింది. దానికి ఎరుకైనట్టే పోయింది బిడ్డా. పోనీ."

ఆ 'పోనీ'లో క్షమించడం ఉందో, నన్ను ఊరుకోబెట్టడం ఉందో నాకు తెలియలేదు. నేనేడ్చాను. ఆమె కొంగుతో చేయి తుడుచుకుని, ఆ చేయి నా ముందుకు చాచింది.

"నాది తీస్కో. నా కడుపుల పుట్టిందే గద."

అక్కడికక్కడ తీయడం కుదరదని చెప్పాను. కానీ తల్లిదండ్రుల రక్తంలో ఆ కారణం దొరికే వీలుంది. సారు మళ్ళీ అనుమతులు తెచ్చాడు. ఆమె దంతెవాడ దాకా వచ్చి ఆసుపత్రిలో రక్తం ఇచ్చింది. వచ్చిన పనయ్యాక దంతేశ్వరి గుడికి వెళ్ళి మొక్కుకుని, మధ్యాహ్నం జీపుకు తిరిగి వెళ్ళింది.

ఈసారి యాంటీబాడీని నేను చేయగలిగిన ప్రతి పెప్టైడ్‌తోనూ పరీక్షించాను. తొమ్మిదోదానికి అంటుకోనిదాన్ని ఎంచుకున్నాం. పని తప్పు లేకుండా జరిగింది. తల్లి రక్తంలో విశేషమేమీ లేదు. ఆ జన్యువు ఆమెలో అందరిలాగే మూతపడి ఉంది.

ఫోన్లో చెప్పాను. ఆమె వెంటనే అడిగింది: "అయితే వాళ్ళ నాయిన దిక్కు నుంచి వచ్చిందా?"

మొగుడి మాట ఆమె నాతో ఎత్తడం అదే మొదలు. గని పనికని వచ్చి, వీళ్ళను వదిలేసి పోయాడట. ఎక్కడో పనిచేస్తూ చనిపోయాడని చాలా ఏళ్ళ తర్వాత కబురొచ్చిందట.

"కావచ్చు పెద్దమ్మా" అన్నాను.

"పిల్లలకు ఏమియ్యకుండ పోయిండని తిట్టుకుంటుంటి. ఇదొకటి ఇచ్చిండన్నట్టు. పిల్లకు ఇచ్చిండు, కొడుక్కు ఇయ్యలే."

శాస్త్రం ప్రకారం అది రుజువైన మాట కాదు. తండ్రి రక్తం చూడందే, కూతురి రక్తం మళ్ళీ చూడందే ఎవరూ అలా అనకూడదు. ఆ రెండూ ఇక దొరకవు. నేను దిద్దలేదు. ఒకసారి తప్పు కారణం చెప్పి వెనక్కి తీసుకున్నవాళ్ళం, ఇంకొకదాన్ని కూడా ఆమె చేతిలోంచి లాక్కోవడానికి నాకు నోరు రాలేదు. వాన పడుతోందని, ఆరబెట్టిన ఇప్పపువ్వు తడుస్తుందని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ యాంటీబాడీ సంగతి మేం ఒక చిన్న వ్యాసంగా వేశాం. అది చదివి తమ ఫలితాలు మళ్ళీ చూసుకున్నామని ఇతర ల్యాబులవాళ్ళు సారుకు కృతజ్ఞతలు చెప్పారు. తర్వాత వేరే దేశాలవాళ్ళు ఆ జన్యువును మూసే ప్రొటీన్ ఒకటి కనిపెట్టారు. దాని ఆధారంగా చికిత్సలు కూడా వచ్చాయి. బచేలి దాకా అవింకా రాలేదు.

నేను ఇప్పటికీ పెప్టైడ్లే చేస్తున్నాను. కొత్తగా చేరే పిల్లలకు నేర్పుతున్నాను. మొన్న ఒకమ్మాయి, ఒక్క యాంటీబాడీకి ఇన్ని పెప్టైడ్లతో పరీక్ష అవసరమా మేడం అని విసుక్కుంది. రక్తం ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇవ్వడానికి ఉండకపోవచ్చు అని చెప్పబోయాను. ఎదురుగా ఆ పిల్ల జుట్టు ముడేసుకుని, చేతికి గ్లవ్స్ తొడుక్కుంటూ, జవాబు కోసం చూస్తోంది. "అవసరమే" అన్నాను. పూసలు కడగడానికి గాజు గొట్టం అందించాను.